నీ ఫోన్ వచ్చాక

ఒరేయ్,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. "నాకేం లేదురా, ఈమధ్య కాస్త బద్ధకం ఎక్కువైంది, అంతే" అన్నావు. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో నేనూ అచ్చం ఆ మాటే అన్నాను. ఫోన్‌లో నోరు పెగల్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఇది నీకెప్పుడూ చెప్పలేదు. అప్పట్లో ఫార్మకాలజీ పుస్తకం పదకొండు రోజులు ఒకే పేజీ దగ్గర తెరిచి ఉండేది. పసుపు రంగు హైలైటర్‌తో గీసిన లైన్ల మీదే మళ్ళీ గీసేవాణ్ణి. రంగు ఊరి వెనక పేజీలోకి దిగింది గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తే మళ్ళీ కన్ను మూతపడేది కాదు. ఏప్రాన్ ఉతుక్కోవాలన్నా కొండ ఎత్తాలన్నట్టు ఉండేది. అందరూ చదివేస్తున్నారు, నాకే చేతకావట్లేదు, ఈ సీటుకు నేను తగను అనుకుంటూ నన్ను నేను తిట్టుకుని ఇంకో గంట ఎక్కువ కూర్చునేవాణ్ణి.

తర్వాత సైకియాట్రీ పోస్టింగ్‌లో ఆ లక్షణాలన్నీ నా చేత్తో నేనే నోట్సు రాసుకున్నాను. రెండు వారాలు వదలని దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ తప్పడం, మనసు నిలవకపోవడం, ఎందుకూ పనికిరాననిపించడం. పేషెంటు చెప్తే డిప్రెషన్ అని కేస్ షీట్‌లో రాస్తాం, మనకొస్తే బద్ధకం అంటాం. ఎంత అన్యాయంరా ఇది!

43 దేశాల్లోని అధ్యయనాలను కలిపి చూసి 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వేశారు. మెడికల్ విద్యార్థుల్లో 27.2 శాతం మందిలో డిప్రెషన్ గానీ, దాని లక్షణాలు గానీ కనిపించాయట. ఎక్కువగా ప్రశ్నావళులతో తీసిన లెక్క కాబట్టి అందరికీ జబ్బు ఖాయమని కాదులే. అయినా నలుగురిలో ఒకరి పైమాటే. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకో అంకె. లక్షణాలున్నాయని తేలినవాళ్ళలో చికిత్సకు వెళ్ళింది 15.7 శాతమే. మిగతావాళ్ళు ఎందుకు వెళ్ళలేదో నేను ఊహించగలను. ప్రొఫెసర్లకు తెలిస్తే? కాబోయే డాక్టరుకే ఇదేంటని అంటే? నేను మూడు నెలలు ఆ భయంతోనే నోరు మూసుకున్నాను.

నువ్వు ఇవాళే పీహెచ్‌క్యూ-9 నింపు, అదే, డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో అంచనా వేసే ప్రశ్నావళి. గడిచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నాకు 17 వచ్చింది. పదో, అంతకన్నా ఎక్కువో వస్తే సైకియాట్రిస్టుకు చూపించుకోవాల్సిందే. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది పెట్టినా మొత్తం ఎంతొచ్చిందో చూడకు, ఒంటరిగా ఉండకు. పక్క రూమ్ తలుపు కొట్టి, వాళ్ళని తోడు తీసుకుని క్యాజువాల్టీకి వెళ్ళు. ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్.

మందుల పేర్లు తెలుసు కదా అని సొంతంగా మాత్రం వేసుకోకు. డాక్టరు రాసిచ్చిన మందులతో నాకు మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు, మానేద్దామనుకున్నాను. ఆగమని మా డాక్టరు చెప్పారు. ఐదో వారంలో ఒకరోజు ఉదయం ఆరు దాకా నిద్రపోయాను. లేచి గడియారం చూసి ఏడ్చేశానురా.

నేను మొదట నోరు విప్పింది రూమ్మేట్ దగ్గర. వాడు ఒక్క సలహా ఇవ్వలేదు. నా ఏప్రాన్ తీసుకెళ్ళి వాడి బట్టలతో పాటు నానబెట్టాడు. మర్నాడు ఓపీలో నా వంతు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు.

శనివారం బయల్దేరి వస్తున్నాను. ఓపీకి ఇద్దరం వెళ్దాం. రూమ్ సర్దే పని పెట్టుకోకు, ఉతకాల్సిన బట్టలు ఎక్కడివక్కడే ఉండనీ.

నీ
నేను