తెర కన్నా అద్దమే నయం

ఎడిటర్ గారికి నమస్తే. మొన్న ఆదివారం మా పాపని సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళ్ళా, మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా బొమ్మ దగ్గర్నుంచి అసలు కదల్లేదు, ఒకే చెక్కలో ముందు పొగరుగా నిలబడ్డ సైతాను, వెనక అద్దంలో చూస్తే తల వంచుకున్న అమ్మాయి, పాపకి అటూ ఇటూ తిరిగి చూడ్డమే పని. మ్యూజికల్ క్లాక్ గంట కొట్టే టైముకి జనం ఎలా మూగుతారో అందరికీ తెలిసిందే. ఇంకో ఊళ్ళో ఒక మ్యూజియంలో మాత్రం పెద్ద టచ్ స్క్రీన్ పెట్టారు, సగం పనిచెయ్యదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అంతా ఇంగ్లీషే, పక్కనున్న రాతి విగ్రహం మీద లైటు లేక మొహం కూడా కనబడలా. టెక్నాలజీ వద్దనట్లేదండి, వస్తువుని చూపించేలా పెట్టమంటున్నా. ముందు ఆ లైట్లు సరిచేసి, వివరాలు తెలుగులో వినిపించే ఏర్పాటు చెయ్యమని అధికారులని కోరుతున్నా.

- ఒక పాఠకుడు, హైదరాబాద్