వైస్ చాన్సలర్ గారికి: అమ్మాయిల ఫుట్‌బాల్‌కు ఒక కోచ్‌ను ఇవ్వండి

గౌరవనీయులైన వైస్ చాన్సలర్ గారికి,

మన క్యాంపస్‌లో చదివి, ఇప్పుడు అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉంటున్నాను. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ముంచుకొచ్చాక కబడ్డీ, అథ్లెటిక్స్ పిల్లల్ని పోగేసి ఫుట్‌బాల్ జట్టు అనిపించడం, ఓడి రాగానే మరిచిపోవడం మన దగ్గర ఆనవాయితీ.

ఇక్కడ చాపెల్ హిల్ యూనివర్సిటీ 1979లో అమ్మాయిల జట్టు మొదలుపెట్టి, పురుషుల కోచ్ యాన్సన్ డోరెన్స్‌కే అప్పగించింది. 1988 దాకా రెండు జట్లూ ఆయనవే. ఆయన హయాంలో 21 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల జాతీయ పోటీ) టైటిళ్లు వచ్చాయి. 1986 నుంచి 1994 వరకు ఒక్క ఏడూ వదల్లేదు! అమెరికా ఫుట్‌బాల్ తార మియా హామ్ అక్కడి విద్యార్థినే.

డోరెన్స్ ప్రాక్టీసులో ప్రతి పరుగుకూ, ప్రతి ముఖాముఖి పోరుకూ లెక్క రాసి, ర్యాంకులు అందరికీ కనబడేలా అంటించేవారు. బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ దగ్గర చూసి నేర్చిన పద్ధతది. దానికి కావలసింది నోటుపుస్తకం, ఓపిక. 2024 ఆగస్టులో డోరెన్స్ తప్పుకున్నారు. డిసెంబరులో జట్టు మళ్లీ టైటిల్ గెలిచింది.

మనకు ఆడేవాళ్లు లేరనకండి. భారత జట్టుకు ఆడిన సౌమ్య గుగులోత్‌ది నిజామాబాదే.

పూర్తికాల కోచ్‌ను వేయండి, ఐదేళ్లు కదపకండి. ఇంకోటి: డోరెన్స్‌పై మాజీ క్రీడాకారిణులు 1998లో వేసిన వేధింపుల కేసు పదేళ్లు నడిచి రాజీతో ముగిసింది, ఆయన క్షమాపణ చెప్పారు. అందుకే ఫిర్యాదులు వినే కమిటీ కోచ్ చేతికి అందని చోట ఉండాలి.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని