ఇక్కత్ చీరలో సొంతదనం ఎవరిది?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నలుగురు కలిసి చేసిన డిజైనులో నీ సొంతం ఏదని గురువులు అడిగితే జవాబు చెప్పలేకపోయానని రాశావు. ఆ ప్రశ్నకు జవాబు మన పోచంపల్లి మగ్గాల దగ్గరే ఉందని నా నమ్మకం.

ఇక్కత్ చీర మీది బొమ్మ నేతకు ముందే పోగుల్లో సిద్ధమవుతుందని నీకు తెలుసు. ఒకరు గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి గీస్తారు. ఇంకొకరు ఆసు పోస్తారు, అంటే పోగును మేకుల చట్రం మీద వరుసగా చుడతారు. మరొకరు రంగు అంటకూడని చోట పోగులను రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. అద్దకం చేసేవారు లేత రంగు ముందు ఎక్కించి, దాన్ని నిలపవలసిన చోట మళ్లీ కట్టించి, ముదురు రంగులో ముంచుతారు. చివరికి మగ్గం మీద కూర్చున్నవారు పేకను, అంటే అడ్డపోగును, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ బొమ్మను కుదురుస్తారు. కాగితం మీద పదునుగా ఉన్న గీత చీరలోకి వచ్చేసరికి అంచుల్లో కొద్దిగా చెదిరి మెత్తబడుతుంది. ఇక్కత్‌కు ప్రాణమైన ఆ మెత్తదనాన్ని గీసినవారెవరూ లేరు. ఇందరి చేతుల మధ్య అది పుట్టింది. అందుకే సొంతదనమంతా మొదట గీసినవారిదేనంటే నేను ఒప్పుకోను.

అలాగని అందరిదీ అన్న పేరుతో ఎవరి పనినీ మరుగున పడనివ్వకూడదు. ఆసు పోయడానికి చేతిని వేల సార్లు ఆడించి తల్లి పడే భుజాల నొప్పిని చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఒక్క పువ్వునూ గీయదు, అయినా ఎంత పని పెట్టుకోవచ్చో, ఎన్ని బొమ్మలకు తెగించవచ్చో అది మార్చింది. నా దృష్టిలో అదీ డిజైనే.

అచ్చు వేసిన నకళ్లు బజారులో చాలానే ఉన్నాయి. తిరగేసి చూస్తే చాలా వాటి వెనుక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, ఇక్కత్‌లో మాత్రం రెండు వైపులా ఒకే నిండుదనం. నకలు చేసినవారు బొమ్మను తీసుకున్నారు గానీ దాని వెనుక ఉన్న నిర్ణయాలలో ఒక్కటీ తీసుకోలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఆ హక్కు ఏ ఒక్కరి పేరునా కాక, నేతకారుల సహకార సంఘమూ తయారీదారుల సంఘమూ కలిసి నమోదు చేసుకున్నందుకు నాకెంతో గర్వంగా ఉంటుంది.

కనుక నీ నివేదికలో నలుగురి పేర్లూ రాసి, ఎవరి ఏ నిర్ణయం తరువాతివారి పనిని ఎలా మార్చిందో పేరు పేరునా వివరించు. నీ వంతు అక్కడే తేటపడుతుంది. మీ గ్రాఫు కాగితం నకలు కూడా పంపు. కట్టు నిలవని చోట్లు అమ్మా నేనూ గుర్తుపెట్టి తిప్పి పంపుతాం.

నీ నాన్న