వెర్చెల్లిలో నాకు సాయం చేసిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

మా హైస్కూలు పిల్లల కోసం, ఇటలీలోని వెర్చెల్లి అనే చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు ప్రో వెర్చెల్లి మీద రాసిన పుస్తకం మొన్న అచ్చయి ఊరికి చేరింది. ఇరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం. దాని మీద నా పేరొక్కటే ఉంది. అది నాకు మనసొప్పడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

రాయమని అడిగింది మా డ్రిల్లు మాస్టారు. "పెద్ద క్లబ్బుల సంగతి పిల్లలే నాకు చెబుతున్నారు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, చిన్న ఊరి జట్టు కథ ఏదైనా రాసి పంపరా" అన్నారు. నేను టూరిన్‌లో చదువుకుంటున్నాను. మిలాన్ వెళ్ళే రైలెక్కితే దారిలో వెర్చెల్లి వస్తుంది. ఏప్రిల్ నెలాఖర్లో ఆ దారి చూడాలి. పట్టాలకి రెండు పక్కలా మళ్ళ నిండా నీళ్ళు, దూరంగా మంచుకొండలు. మాది తణుకు దగ్గర పల్లె. మాకు గోదావరి కాలువ ఎలాగో వాళ్ళకి 1866లో నీళ్ళు వదిలిన కావూర్ కాలువ అలాగ. ఆ వరి మళ్ళు చూసే ఒకరోజు ఆ స్టేషన్లో దిగిపోయాను. క్లబ్బు సంగతి తర్వాత తెలిసింది.

యాభై వేల జనాభా కూడా లేని ఊరు. ఆ ఊరి జట్టు ఇటలీ ఛాంపియన్ ఎన్నిసార్లయిందో తెలుసా? ఏడు సార్లు. 1908, 1909, 1911, 1912, 1913, 1921, 1922. రోమా, లాజియో, నాపోలీ లాంటి పెద్ద నగరాల క్లబ్బులు ఇప్పటికీ ఆ లెక్క అందుకోలేదు. ఇవాళ అదే జట్టు మూడో అంచెలో, సెరీ సిలో ఆడుతోంది.

మొదటి కృతజ్ఞత ఆ ఊరి లైబ్రరీలో పనిచేసే మేడంకి. నా ఇటాలియన్ కూరగాయలు కొనుక్కోవడానికి సరిపోతుంది గానీ, వందేళ్ళ నాటి పేపరు చదవడానికి చాలదు. ఆవిడ రెండు శనివారాలు నా పక్కన కూర్చుని ఒక్కో ముక్కా నెమ్మదిగా చదివి చెప్పారు. ఈ క్లబ్బు 1892లో మొదట వ్యాయామశాలగా పుట్టిందనీ, ఫుట్‌బాల్‌ని 1903లో మార్చెల్లో బెర్తినెత్తి అనే కత్తిసాము ఆటగాడు తెచ్చాడనీ ఆవిడ వల్లే తెలిసింది. ఆయన తర్వాత 1924, 1928 ఒలింపిక్స్‌లో కత్తిసాములో స్వర్ణాలు గెలిచాడు. 1908లో విదేశీ ఆటగాళ్ళని వద్దన్నందుకు పెద్ద క్లబ్బులు కొన్ని పోటీ నుంచి తప్పుకున్నాయని కూడా ఆవిడే చూపించారు. "ఇది కూడా రాయి, దాచకు" అన్నారు. రాశాను.

రెండో కృతజ్ఞత స్టేడియంలో నా పక్కన కూర్చున్న పెద్దాయనకి. ఆయన లేకపోతే ఈ పుస్తకంలో ప్రాణం ఉండేది కాదు. ఆయన ఆరేళ్ళ పిల్లాడప్పుడు, 1948లో, క్లబ్బు రెండో అంచె అయిన సెరీ బి నుంచి కిందికి పోయింది. మళ్ళీ సెరీ బికి ఎక్కింది 2012లో, ప్లేఆఫ్ ఫైనల్లో కార్పీని ఓడించి. అప్పటికి ఆయనకి డెబ్బై. నడుమ అరవై నాలుగేళ్ళూ ఆయన మ్యాచ్‌లకి వెళుతూనే ఉన్నారు.

నేను నా చిత్తుప్రతిని వచ్చీరాని ఇటాలియన్లో ఆయనకి చదివి వినిపించాను. 1910 దగ్గర "మిలాన్ క్లబ్బు ఇంటర్ చేతిలో 10-3తో చిత్తుగా ఓడిపోయింది" అని రాసుకున్నాను. ఆయన వేలు ఎత్తి ఆపేశారు. "మళ్ళీ రాయి" అన్నారు. అప్పుడు చెప్పారు అసలు కథ. ఆ ఏడాది రెండు జట్లూ సమానంగా నిలిచాయి. టైటిల్ తేల్చే మ్యాచ్‌ని ఏప్రిల్ 24న పెట్టారు. వెర్చెల్లి ఆటగాళ్ళు కొందరు ఆ రోజు సైనిక టోర్నమెంట్లో ఆడాలి. తేదీ మార్చమని అడిగారు, ఇంటర్ ఒప్పుకోలేదు. అయితే మా పిల్లల్ని పంపుతాం అని వెర్చెల్లి వాళ్ళు నిజంగానే పిల్లల జట్టుని దింపారు. పెద్దవాళ్ళ మీద ఆ పిల్లలు మూడు గోల్స్ వేశారు! "మా తాత గోడ మీద కూర్చుని చూశాడు. ఇంటికొచ్చి ఆ మూడు గోల్స్ గురించే చెప్పేవాడు" అన్నారు పెద్దాయన.

దానికి ఫెడరేషన్ క్లబ్బుని సస్పెండ్ చేసింది. అందుకే 1910 మే 15న మిలాన్‌లో ఇటలీ జట్టు తన మొదటి మ్యాచ్ ఆడినప్పుడు అందులో వెర్చెల్లి వాళ్ళు ఒక్కరూ లేరు. మూడేళ్ళు తిరిగేసరికి, 1913 మే 1న బెల్జియం మీద ఆడిన పదకొండు మందిలో తొమ్మిది మంది వెర్చెల్లి వాళ్ళే. ఒకటే గోల్, ఇటలీ గెలిచింది, వేసింది గ్విడో ఆరా. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన తొమ్మిది వేళ్ళు చూపించి, పదో వేలు మడిచి పట్టుకున్నారు.

ఇంకో మాట కూడా ఆయన దగ్గరే విన్నాను. వీళ్ళది తెల్ల చొక్కా. పాత రోజుల్లో ఆ చొక్కా కాలరుకీ చేతి పట్టీలకీ గంజి పెట్టి ఆడేవాళ్ళట. ఆ మాట వినగానే మా నాన్న గుర్తొచ్చారు. పెళ్ళిళ్ళకి వెళ్ళే ముందు అమ్మ అన్నం వార్చిన గంజిలో ముంచి ఆరేసిన తెల్ల చొక్కా, ఇస్త్రీ చేస్తుంటే వచ్చే ఆ వాసన. ఆయనకి అదంతా చెప్పడానికి నా భాష చాల్లేదు. చొక్కా కాలరు పట్టుకుని చూపించి, "మా ఇంట్లో కూడా, బియ్యంతో" అన్నాను. ఆయన నా భుజం తట్టారు.

నొవారాలో ఉండే అక్కకి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి ఫోన్ చేసి, నేను పంపిన ఇటాలియన్ కాగితాలన్నీ తెలుగులో చెప్పేది. క్లబ్బు ఎందుకు పడిపోయిందో నాకు అర్థమయ్యేలా చెప్పింది తనే. 1923లో జట్టు ఆటగాడు వర్జీనియో రొసెట్టా టూరిన్ క్లబ్బు యువెంటస్‌కి వెళ్ళిపోయాడు. ఆటలోకి డబ్బు వచ్చాక, సొంత ఊరి కుర్రాళ్ళతో నడిచే జట్టు వాళ్ళని నిలుపుకోలేకపోయింది. తర్వాత సిల్వియో పియోలా. 1933లో ఫియొరెంటీనా మీద ఒకే మ్యాచ్‌లో ఆరు గోల్స్ వేశాడు. 1934లో అతన్ని లాజియోకి అమ్మారు. మరుసటి ఏడాదే జట్టు మొదటి అంచె అయిన సెరీ ఎ నుంచి దిగిపోయింది, మళ్ళీ ఎక్కలేదు. పియోలా 1938 ప్రపంచ కప్పు ఫైనల్లో రెండు గోల్స్ వేశాడు. సెరీ ఎలో అందరికంటే ఎక్కువ గోల్స్, 274, ఇప్పటికీ అతనివే. వెర్చెల్లి స్టేడియానికి ఇవాళ అతని పేరే ఉంది. "అమ్మేసిన పిల్లాడి పేరు ఇంటికి పెట్టుకున్నారు తమ్ముడూ" అంది అక్క. ఆ మాట అలాగే పుస్తకంలో పెట్టాను.

2010లో డబ్బు లేక పాత క్లబ్బు మూతపడితే, అదే ఊరి ఇంకో జట్టు ముందుకొచ్చి పేరునీ తెల్ల చొక్కానీ తీసుకుంది. లేకపోతే నేను రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

ఒకరోజు రాత్రి మ్యాచ్ అయ్యాక రైలు తప్పిపోయి స్టేషన్లో టెన్షన్‌గా తిరుగుతుంటే, పెద్దాయన కూతురూ అల్లుడూ నన్ను చూసి ఇంటికి తీసుకెళ్ళారు. పానిస్సా పెట్టారు. చిక్కుడు గింజలు వేసి వండిన అన్నం. నేను రెండోసారి పెట్టించుకున్నాను. అమ్మా, అన్నా, ఆ రాత్రి మర్చిపోను.

అచ్చు ఖర్చు అడగకుండానే పెట్టిన బాబాయికి, నా తెలుగు తప్పులు దిద్దిన మా తెలుగు టీచరు గారికి నమస్కారాలు. ఇంకా తప్పులేమైనా మిగిలితే అవి నావే.

వచ్చే వారం అమ్మ పార్సిల్లో ఐదు పుస్తకాలు వస్తున్నాయి. ఒకటి లైబ్రరీ మేడంకి, ఒకటి అక్కకి, ఒకటి ఆ ఇంటికి. పెద్దాయన కాపీలో తొమ్మిదో పేజీ మడిచి ఇస్తాను. 1910 మ్యాచ్ ఆ పేజీలోనే ఉంది, మూడు గోల్స్‌తో మొదలుపెట్టి రాశాను.