అంబాసిడర్ డోర్ బీడింగ్ (డోర్ చుట్టూ వేసే రబ్బరు) సెట్ మీద ఫిర్యాదు: నాలుగు డోర్లలో ఒక్కటీ పడటం లేదు

కస్టమర్ కేర్ వారికి నమస్కారం అండి,

నేను పర్లాకిమిడి నుంచి రాస్తున్నా. మాది గజపతి జిల్లా, ఒడిశా, కానీ ఇంట్లో తెలుగే, నాలుగడుగులేస్తే పాతపట్నం, అది ఆంధ్రా. మీకు రెండుసార్లు ఫోన్‌లో హిందీలో చెప్పాను, ఇంకోసారి మీవాళ్ళే ఒడియాలో మాట్లాడారు, మూడుసార్లూ విషయం సగమే చేరింది. మీ సైట్‌లో తెలుగు కూడా ఉంది కాబట్టి ఈసారి మొత్తం తెలుగులోనే రాస్తున్నా, పెద్దదైనా దయచేసి చివరిదాకా చదవండి. ఆర్డర్ నెంబర్ సబ్జెక్ట్‌లో పెట్టాను.

మాది 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4, పెట్రోల్. నాన్న కొన్న బండి. ఇరవై ఏళ్ళు టాక్సీ తిప్పారు దాన్ని, బరంపురం, పలాస స్టేషన్, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే గుణుపూర్, రాయగడ. మా అక్కలిద్దరూ పెళ్ళయ్యి అత్తారింటికి వెళ్ళింది అందులోనే. బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోయింది, అప్పట్నించి ఈ బండికి రబ్బరు సామాను దొరకడం గగనం, ఎక్కడో పాత స్టాకు ఉందన్నా షాపులోనే ఎండి పగిలిపోయుంటుంది, రబ్బరు వాడకపోయినా పాడవుతుంది కదండీ. అలాంటిది మీరు కొత్తగా పోసి అమ్ముతున్నారని చూసి నిజంగా సంతోషపడ్డాను. ‘ఒరిజినల్ ప్యాటర్న్, మార్క్ 3, మార్క్ 4 డైరెక్ట్ ఫిట్’ అని రాశారు. నాలుగు డోర్ల సెట్ 4,600, కొరియర్ 280, ముందే కట్టేశాను.

ఇది అందం కోసం కొన్నది కాదండి. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లా అంతా అతలాకుతలం అయిపోయింది. బండి అప్పుడు వాకిట్లోనే ఉంది, డోర్ రబ్బరు అప్పటికే కట్టెలా బిగుసుకుపోయింది, రాత్రంతా గాలివాన కొట్టి లోపలికి నీళ్ళు చేరాయి. మ్యాట్ల కింద వేసిన గోనెపట్టా నీళ్ళు పీల్చుకుని ఎన్ని రోజులు అలాగే ఉందో, కరెంటు లేదు రోడ్లు లేవు, మేం ఇంటి సంగతే చూసుకోలేకపోయాం ఇక బండి ఎవరు చూస్తారు. తర్వాత చూస్తే డ్రైవర్ సీటు కింద ఫ్లోర్ జల్లెడ అయిపోయింది. ఆ రేకు కోయించి కొత్తది అతికించి రంగు వేయించడానికి ఎంతైందో నాకు తెలుసు. అది మళ్ళీ జరగకూడదనే వానలు పట్టకముందే మీ సెట్ తెప్పించాను.

ఇక బిగించడం గురించి. మీ మొదటి మెయిల్‌లో ‘సరిగ్గా ఫిట్ చేసి ఉండరు’ అన్నారు కాబట్టి ఏం చేశామో వివరంగా చెప్తున్నా. టింకరింగ్ మేస్త్రి మాకు ముప్పై ఏళ్ళుగా తెలిసినాయన, ఆయనా నేనూ కలిసి చేశాం. పాత రబ్బరు ఊడదీసి, ఎండిపోయిన సొల్యూషన్ గీకి, కిరోసిన్‌తో తుడిచి మళ్ళీ థిన్నర్‌తో తుడిచాం. తుప్పు చుక్కలు కనిపించిన చోట కాగితం పట్టి రెడాక్సైడ్ కొట్టి రెండు రోజులు ఆరనిచ్చాం. కొత్త రబ్బరు మీద అచ్చు పౌడరు ఉంటుంది, అది ఉంటే సొల్యూషన్ పట్టదు, కాబట్టి అది కూడా తుడిచాం. రబ్బరు రెండు కొసలూ కలిసే జాయింట్ అడుగున, ఫుట్‌బోర్డ్ వైపు వచ్చేలా మొదలుపెట్టాం. ఎక్కడా లాగలేదు, లాగి అతికిస్తే అది తర్వాత వెనక్కి ముడుచుకుని మూలల దగ్గర ఊడి వచ్చేస్తుందని మాకూ తెలుసు. ముందు ఎడమ పక్క ఫ్రంట్ డోర్ ఒక్కటే సొల్యూషన్‌తో అతికించాం, మిగతా మూడూ ఊరికే టేపు పెట్టి చూశాం అంతే, అవి ఇప్పటికీ కొత్తవే.

ఆ డోర్ మూసుకోలేదు. మొదటి క్లిక్ దగ్గరే ఆగిపోయింది, రెండోది పడాలంటే భుజం పెట్టి నెట్టాలి. అలా నెట్టి మూస్తే లాక్ వైపు డోర్ రేకు బాడీ కంటే బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. స్ట్రైకర్ (బాడీ మీద డోర్ లాక్ పట్టుకునే ముక్క) స్క్రూలు వదులు చేసి ఎంత జరుగుతుందో అంతా జరిపాం, ఇంక దానికి జాగా లేదు. మిగతా మూడు డోర్లూ టేపు మీద ఇదే వరస. మేస్త్రి రబ్బరు చేత్తో నలిపి చూసి ‘ఇది మన బండిది కాదు బాబూ, ఏటో పెద్ద గాడీకి పోసిన రబ్బరు’ అన్నాడు.

ఆయన మాట ఒక్కటే పట్టుకుని మీతో గొడవ పడటం నాకిష్టం లేదు, అందుకని కొలిచాను. ఇంకా రబ్బరు వెయ్యని వెనక డోర్ దగ్గర, ఇంట్లో చపాతీ పిండి ముద్ద తీసుకుని పాలిథిన్ కవర్‌లో చుట్టి బాడీ అంచు మీద అక్కడక్కడ పెట్టి డోర్ రెండో క్లిక్ దాకా మూసి మెల్లగా తెరిచాను, పిండి ఎంత మందం మిగిలిందో అదే కదా రబ్బరుకున్న జాగా. వెర్నియర్‌తో చూస్తే లాక్ వైపు 9 మిల్లీమీటర్లు, హింజ్ వైపు 7. మీ రబ్బరు గొట్టం మందం 17. గొట్టం మెత్తటి స్పాంజ్ అయితే సగం దాకా నలిగినా సర్దుకోవచ్చు గానీ మీరు పంపింది గట్టి రబ్బరు, అది 7లోకి ఎలా దిగుతుంది చెప్పండి.

రెండోది గాలి. పాత రబ్బరు గొట్టానికి మధ్యమధ్యలో అగ్గిపుల్ల దూరేంత చిల్లులున్నాయి, డోర్ మూసినప్పుడు గొట్టంలో గాలి పోవడానికి పెట్టినవి అవి. మీదాంట్లో ఒక్కటి లేదు. జాయింట్ అతికాక లోపల గాలి బందీ అయిపోయి డోర్‌ని వెనక్కి తంతోంది. బండి లోపలి గాలి వల్లేమో అని అద్దాలు నాలుగూ దించి కూడా చూశాను, అదే తన్నుడు. మేస్త్రి ఆ ఒక్క డోర్‌కి ఆరు చోట్ల కాల్చిన సూదితో చిల్లులు పెట్టాడు (ఇది దాచడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా), తన్నుడు తగ్గింది గానీ మందం మందమే.

మూడోది మూల, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. పాత దానికి పై మూల విడిగా వంపుతో పోసిన ముక్క. మీది మొత్తం తిన్నని రబ్బరే, మూల దగ్గర వంచితే గొట్టం మడతపడి చదునైపోతోంది. రబ్బరుకి సుద్ద రాసి డోర్ మూసి చూశాను, మిగతా అంతా డోర్ మీద తెల్లటి గీత ముద్దగా పడింది, పై మూలలో మాత్రం రెండంగుళాల మేర అసలు అంటుకోలేదు. మా అమ్మాయి టార్చి పట్టుకుని లోపల కూర్చుంది, నేను బయట పైపుతో నీళ్ళు కొట్టాను, సరిగ్గా ఆ రెండంగుళాల్లోంచి సన్నటి ధార దిగి సీటు మీద పడింది. అంటే డోర్ మూసుకోనివ్వని రబ్బరు నీళ్ళని కూడా ఆపలేదు.

‘పదిహేను రోజులు మూసి ఉంచండి, సెట్ అవుతుంది’ అని మీరు చెప్పారు. స్పాంజ్ రబ్బరైతే అణుగుతుంది, నిజమే, మీది గట్టిదైనా మీ మాట నమ్మి 16 రోజులు తాడు కట్టి మూసి ఉంచాను. ఏం మారలేదు. తర్వాత ‘డోర్ అలైన్‌మెంట్ పోయి ఉంటుంది’ అన్నారు. రబ్బరు తీసేస్తే అదే డోర్ రెండు వేళ్ళతో నెడితే పడుతోంది, వీడియో పంపాను, దానికి జవాబే లేదు. చివరికి ‘ఫిట్ చేసిన సరుకు వాపసు తీసుకోం’ అని ఒక లైను రాశారు. బిగించి చూడకుండా పడుతుందో లేదో ఎలా తెలుస్తుందండీ? మీ పేజీలో ఒక్క కొలత ఉన్నా, 17 అని చూసి ఉంటే, నేను ఆర్డరే పెట్టేవాణ్ణి కాదు.

నేనడిగేది ఇది. 4,880 మొత్తం వాపసు ఇవ్వండి, సరుకు మీ ఖర్చుతో తీసుకెళ్ళండి. పేజీలో ‘డైరెక్ట్ ఫిట్’ అన్న మాట తీసేసి గొట్టం మందం, బాడీ అంచు పట్టే గాడి వెడల్పు, స్పాంజా గట్టి రబ్బరా అన్నది రాయండి, కోసి చూపించే ఫోటో ఒకటి పెట్టండి. మా జిల్లాల్లో ఈ బండ్లు ఇంకా తిప్పుతున్నవాళ్ళున్నారు, అందరికీ 4,600 తేలిగ్గా వచ్చే డబ్బు కాదు.

ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ లెటర్‌ని మీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పెట్టిన ఫిర్యాదుగానే తీసుకోండి. నెల దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్తాను, ఆ తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను, 2019 వినియోగదారుల చట్టంలో కొన్నవాడు ఉన్న చోటే వేసుకోవచ్చు.

ఒకవేళ మీరు అచ్చు సరిచేస్తామంటే నా దగ్గర కుడి వెనక డోర్‌ది పాత ఒరిజినల్ రబ్బరు జానెడు ముక్క ఉంది, పై మూల ముక్క కూడా పగలకుండా దాచాను. కొలవడానికి కావాలంటే రిజిస్టర్ పోస్ట్‌లో పంపిస్తా, పని అయ్యాక నాకు తిరిగి పంపించాలి. మూడు డోర్ల రబ్బరు మీ డబ్బాలోనే మడత పెట్టి ఉంచాను, నాలుగోది ఊడదీసి విడిగా కవర్‌లో పెట్టాను. పికప్ మనిషి ఏ రోజు వస్తాడో ముందురోజు ఫోన్ చేసి చెప్పమనండి, ఇంటి దగ్గరే ఉంటాను.