మచ్చలు చూసి మందు వేయొద్దు

సంపాదకులకు,

గినీ పందుల పెంపకంపై మీ వ్యవసాయ పేజీలో వచ్చిన వ్యాసంలో మేత గురించి చెప్పినదంతా బాగుంది. కాలేయం మీద తెల్ల మచ్చలు కనిపిస్తే యెర్సీనియా అనే బ్యాక్టీరియా జబ్బు అనుకుని పెన్సిలిన్ వేయమన్న సలహాతోనే పేచీ. ఆ సూది షెడ్డునే ఖాళీ చేయగలదు. గినీ పంది పేగుల్లో ఉండే మేలు చేసే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం గ్రామ్ పాజిటివ్ రకం (గ్రామ్ అనే రంగు పరీక్షలో బ్యాక్టీరియా పాజిటివ్, నెగెటివ్ అని రెండు రకాలుగా తేలుతుంది). పెన్సిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ లాంటివి వాటిని చంపేస్తే, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం డిఫిసిలే అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. జబ్బుకు తట్టుకున్న జంతువు మందుకు పోతుంది. పైగా యెర్సీనియా గ్రామ్ నెగెటివ్, మామూలు పెన్సిలిన్‌కు అది లొంగదు.

అసలు ఆ మచ్చలు ఒక్క జబ్బువే కావు. యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్‌లో కాలేయం, ప్లీహం మీదా, పేగుల పొరలోని బిళ్లల్లోనూ (లింఫ్ గ్రంథుల్లోనూ) జున్నులాంటి పసుపు తెలుపు గడ్డలు కడతాయి. సాల్మొనెల్లా అనే మరో బ్యాక్టీరియా జబ్బులోనూ కాలేయం, ప్లీహం మీద తెల్ల చుక్కలు వస్తాయి. క్షయ గడ్డలూ ఇంచుమించు అలాగే ఉంటాయి, ‘సూడో’ (అంటే నకిలీ) అన్న పేరు ఊరికే రాలేదు. మెడ కింద చీముతో ఉబ్బే బిళ్లలు మాత్రం తరచుగా స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్ అనే బ్యాక్టీరియా పని. ముతక మేత నోట్లో గీరుకున్న చోటు నుంచి అది లోపలికి పోతుంది.

తేల్చుకోవాలంటే అప్పుడే చచ్చినదాన్ని, ఇంకా మందు పడనిదాన్ని కోయించాలి. పేగు తెగకముందే కాలేయం, ప్లీహం, బిళ్ల ముక్కలు వేర్వేరు శుభ్రమైన డబ్బాల్లోకి తీయాలి. పేగు ముందు తెగితే దాని సూక్ష్మజీవులే ల్యాబులో పెంచే ప్లేటంతా కమ్మేస్తాయి. కల్చర్‌కు (ప్లేటు మీద పెంచి చూసే పరీక్షకు) వెళ్లే ముక్కను 4 డిగ్రీల చల్లదనంలో పంపాలి, గడ్డకట్టించకూడదు. ఫార్మాలిన్‌లో వేస్తే అందులో ఏదీ బతకదు. కణజాల పరీక్షకు వేరే ముక్కను, దానికి పదింతల 10 శాతం ఫార్మాలిన్‌లో పెట్టాలి.

ఎక్కువగా తప్పిపోయేది ల్యాబులోనే. ప్లేట్లను 37 డిగ్రీల్లో పెట్టి 24 గంటలకే చూస్తే యెర్సీనియా కాలనీలు సూదిమొన అంతే ఉంటాయి, కంటికి ఆనక ‘ఏమీ పెరగలేదు’ అని రాసేస్తారు. 28 డిగ్రీల్లో 48 గంటలు ఉంచమని కాగితం మీద రాసి అడగండి. అప్పటికీ రాకపోతే ముక్కను ఫాస్ఫేట్ బఫర్‌లో నలిపి 4 డిగ్రీల్లో మూడు వారాల దాకా ఉంచి, వారానికోసారి ప్లేటు మీద గీయాలి. మిగతావి నిద్రపోయే చలిలో ఇది పెరుగుతుంది.

పెరిగాక రెండు చిన్న పరీక్షలు చాలావరకు దారి చూపుతాయి. యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్ 25 డిగ్రీల్లో కదులుతుంది, 37లో కదలదు, యూరియేజ్ (యూరియాను విడగొట్టే ఎంజైము) పరీక్షలో పాజిటివ్. సాల్మొనెల్లా సాధారణంగా 37లోనూ కదులుతుంది, యూరియేజ్ నెగెటివ్. క్షయ అనుమానం ఉంటే క్షయ బ్యాక్టీరియాను చూపించే జీల్-నీల్సన్ రంగు వేయించాలి. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో ల్యాబు తేల్చిన తర్వాత కూడా, ఆ పట్టీలోంచి గినీ పందికి పడేదాన్నే పశువైద్యుడు ఎంచాలి.

కోసేవాళ్లు గ్లౌజులు వేసుకోక తప్పదు. యెర్సీనియా, సాల్మొనెల్లా, క్షయ మూడూ మనుషులకు అంటుకునేవే.

– పశువ్యాధి నిర్ధారణ ల్యాబులో పనిచేసే పాఠకులు