వెంకన్న అడిగాడా?

ఒసేయ్ పెసరట్టూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో. రెండుసార్లు రాద్దామని కూర్చుని రెండుసార్లూ నిద్రపోయాను. పిల్లాడి పరీక్షలు అయిపోయాయి, మీ అన్నయ్య బాగానే ఉన్నారు, చెన్నై ఎండ మామూలే. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే నా పొట్ట ఉబ్బిపోయేలా ఉంది.

మొదటి కీమో అయిన పదహారో రోజు నుంచి దువ్వెనకి గుప్పెళ్ల కొద్దీ జుట్టొచ్చింది. రోజూ దిండు మీద ఏరుకోలేక మీ అన్నయ్య చేత గుండు కొట్టించేసుకున్నా. (హాస్టల్లో నీ జడకి నేను చేసిన పాపం పండింది, నవ్వకు.)

పోయిన నెల స్కార్ఫు మర్చిపోయి పాల ప్యాకెట్ కోసం దిగా. లిఫ్టులో కింది ఫ్లాటుకి కొత్తగా వచ్చిన నెల్లూరు పిన్నిగారు. "తిరుపతి వెళ్లొచ్చావా అమ్మాయీ?" అంది. నా నోట్లోంచి "అవునండీ" అని వచ్చేసింది. మూడంతస్తులు దిగేలోపు ఎడమ రొమ్ము తీసేసిన కథ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను చెప్పు? "అయితే లడ్డూ ఏదీ?" అందే!

మీ అన్నయ్యని టీ నగర్ తరిమా. వెంకటనారాయణ రోడ్డులో దేవస్థానం వాళ్ల గుడి ఉందిగా, అక్కణ్ణుంచి చెమటలు కక్కుతూ రెండు లడ్డూలు పట్టుకొచ్చారు. తీసుకెళ్లి ఇచ్చా. ఆవిడ కళ్లకద్దుకుని, చిన్న ముక్క నోట్లో వేసుకుని, నా మొహంకేసి తేరిపార చూసి నెమ్మదిగా అంది: "వెంకన్న కనుబొమలు కూడా అడిగాడా?"

రెండో డోసుకే అవీ పోయాయే! నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు, ఆవిడ గడప మీదే కూలబడ్డా.

ఎందుకొచ్చింది, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఒక్క ముక్క అడగలేదు. (మా ఆడపడుచు మొట్టమొదట అడిగింది అదే.) "ఏ రోజులు కష్టం?" అంది. కీమోలో ఎక్కించే ఎర్రమందు పడ్డాక మూడో రోజు నుంచి ఐదో రోజుదాకా అన్నా. క్యాలెండరు తీసి, ఇరవైయొక్క రోజులకోసారి లెక్కేసి, సున్నాలు చుట్టింది. ఆ రోజుల్లో వంట ఆవిడదే. నోరంతా పూసిపోయి, ఉప్పూ వంటసోడా నీళ్లు పుక్కిలిస్తున్నానని తెలిసి పప్పుచారులో మిరపకాయ మానేసింది. నెల్లూరు మనిషే, ఆలోచించు! పదో రోజున తనకి తుమ్ములొచ్చాయని గిన్నె గుమ్మం బయట పెట్టి, బెల్లు కొట్టి పారిపోయింది. తెల్లకణాలు పడిపోయే రోజులు కదా, జ్వరం 100.4 తాకితే అర్ధరాత్రయినా పరిగెత్తాలి మేము.

ఎందుకు ఇంత శ్రమ అంటే, "డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు చెల్లెలు క్యాన్సర్‌తో పోయిందని పట్టుబట్టి 1954లో అడయార్‌లో ఆసుపత్రే పెట్టింది. నేను చారు పెట్టలేనా?" అంది.

ఆపరేషనైన వైపు చెయ్యి లేస్తోందే. గోడ మీద వేళ్లు పాకించే ఎక్సర్‌సైజులో పెన్సిలు గీత స్విచ్‌బోర్డు దాటింది. ఓనరు చూడకపోతే చాలు. రాత్రిళ్లు మాత్రం... వద్దులే, ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్తా.

రేపు నాలుగోది, ఎర్రమందులో ఆఖరుది. ఇవాళ రక్తపరీక్ష, ఆటో హారన్ కొట్టేస్తోంది. కాలేజీ నాటకంలో నీకు మీసాలు గీసిన పెన్సిలు ఇంకా ఉంటే పట్రా, ఈసారి నాకు కనుబొమలు నువ్వు

వెళ్తున్నా!

నీ చింతకాయ